ముంగిట్లో కలుపు, పెరట్లో విత్తనం

ఆవులున్నన్నాళ్ళూ ఆ పువ్వు కలుపని నాకు తెలియదు.

మే నెల మొదట్లో కొండవాలు బీడంతా పసుపు ఆరబోసినట్టు పూసేది. ఆవులు తలెత్తకుండా మేసేవి. ఆ వారం వెన్న రంగు కొంచెం ముదిరేది. మా నాయనమ్మ దాన్ని నార్వే మాటలో సింహప్పన్ను అనేది, ఆకు అంచు పళ్ళు పళ్ళుగా ఉంటుందని. ఊళ్ళో అందరూ డాండెలయన్ అంటారు. పేరేదైనా మాకది మేత.

మోకాళ్ళు రెండూ పోయాక ఆవుల్ని అమ్మేశాను. పొలం మా అన్న కొడుకు టెరిల్ చేస్తున్నాడు. నేనూ నా భార్య సిగ్నే కొండ దిగి ఊళ్ళోకి వచ్చి నాలుగేళ్ళయింది. ఇల్లు చిన్నది. వెనక పెరడు, ముందు రోడ్డు దాకా గడ్డి. ఆ గడ్డిని ఏదీ మేయదు. వారం వారం కోసి పారేయడానికే పెంచుతారు. మొదటి ఏడు నాకు నవ్వొచ్చింది. రెండో ఏడు నేనూ కోశాను. మూడో ఏడు పక్కవాళ్ళ గడ్డితో పోల్చి చూసుకోవడం మొదలుపెట్టాను.

పక్కవాడు ఎల్రాయ్. ఇరవై రెండేళ్ళు మా పాలు ఫ్యాక్టరీకి తోలిన లారీ డ్రైవరు. మంచు పడ్డా, గాలివాన వచ్చినా, ఒక్క రోజు మా పాలు పారబోయించిన మనిషి కాదు. ఇప్పుడు భార్య లేదు, లారీ లేదు. ఆ శ్రద్ధంతా గడ్డి మీదికి మళ్ళింది. వాడి ముంగిట్లో గడ్డి బిలియర్డు బల్ల మీది గుడ్డలా ఉంటుంది. కంచె లేదు. వాడి పచ్చదనం ఎక్కడ ఆగుతుందో, నా పసుపు ఎక్కడ మొదలవుతుందో రోడ్డు మీద పోయేవాడికి గీత గీసినట్టు కనిపిస్తుంది.

మే పదిహేడున, మా పూర్వీకులు వదిలి వచ్చిన నార్వే దేశపు పండక్కి, ఊరేగింపు మా రోడ్డు మీదుగానే పోతుంది. నాలుగో ఏడు జెండాలు, బ్యాండు, ట్రాక్టర్లు అన్నీ పోతుంటే నేను కుర్చీ వేసుకుని నా ముంగిట్లో కూర్చున్నాను. ఎల్రాయ్ తన కుర్చీ తెచ్చి సరిగ్గా ఆ గీత మీద వేసుకున్నాడు.

"ఏమోయ్ ఆర్డెల్, ఆవుల్ని అమ్మేశానన్నావు. మరి వెన్నంతా ఇక్కడ ఆరబోశావేం?"

"చూడ్డానికి బాగుందని."

"బాగుంది, బాగుంది. బ్యాండువాళ్ళు నీ ఇంటి ముందుకొచ్చేసరికి కళ్ళు చెదిరి రాగం తప్పారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంట్లోకి వెళ్ళాక నవ్వు రాలేదు.

"కలుపు మందు కొడదాం" అన్నాను సిగ్నేతో.

ఆమె సింకు దగ్గర చిన్న గిన్నెలో వెన్న తీసిన పాలు పోసుకుని చేతులు ముంచుతోంది. టమాటా నారు ముట్టుకునే ముందు ఆమె ఎప్పుడూ అట్లాగే చేస్తుంది. వాళ్ళ నాన్నది పొగాకు పొలం. పొగాకు తెగులు చేతుల మీదుగా పాకుతుందనీ, పాలు దాన్ని ఆపుతాయనీ చిన్నప్పుడే నేర్పాడు. మా ప్రాంతంలో పొగాకు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె చేతులకు ఆ అలవాటు పోలేదు.

"ఈ ఇంట్లో మందు మాట ఎత్తొద్దని వచ్చిన రోజే చెప్పాను" అంది.

"ముంగిట్లోనే. పెరటి వైపు రాను."

"గాలికి ముందూ వెనకా తెలుసా? తవ్వు. చేతులున్నాయిగా."

"మోకాళ్ళు లేవు."

"దిండు వేసుకో."

ఆమె పంతం ఎందుకో నాకు తెలుసు. ఆ టమాటా వాళ్ళ అమ్మది. ఎద్దు గుండెలా కోసుగా ఉంటుంది, గులాబి రంగు, లోపల గింజలు తక్కువ. ఒకప్పుడు కొండ మీద నాలుగైదు ఇళ్ళలో ఉండేది. ఆ ముసలమ్మలు ఒక్కొక్కరే పోయారు. సిగ్నే చెల్లెలు వేయడం మానేసింది. విత్తనం ఇప్పుడు మా వంటింట్లో ఒక గాజు సీసాలో తప్ప ఎక్కడా లేదు. పాతవీ కొత్తవీ అన్నీ ఆ సీసాలోనే. ఏటా పన్నెండు మొక్కలు వేస్తుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

సరే, తవ్వుతానని మాట ఇచ్చాను.

తవ్వడం మొదలుపెట్టాక ఆ మొక్క సంగతి తెలిసింది. పైకి నేలకు అంటుకుని చేతి వెడల్పు ఉంటుంది. కింద వేరు ముల్లంగిలా సూటిగా దిగుతుంది, జానెడు, ఒక్కోచోట జానన్నర. కొన చీలిన బొరిగెను పక్కనుంచి దించి, మెల్లగా వెనక్కి వంచాలి. నేల తడిగా ఉంటే చిన్న చప్పుడుతో మొత్తం ఊడి వస్తుంది. ఎండ నేలలో మధ్యకు తెగుతుంది. తెగిన చోట పాలు కారతాయి. లోపల మిగిలిన వేలెడు ముక్క ఊరుకోదు. మూడు వారాల్లో అదే గుంటలోంచి ఒక తల బదులు మూడు తలలు లేస్తాయి. అంటే ఎండ పూట తవ్వినవాడు కలుపు తీయడం లేదు, నాటుతున్నాడు.

ఆ మే నెల వాన లేదు. నేను రోజూ నాటాను.

మే చివరికి పూలు ముడుచుకుని తెల్లటి బంతులయ్యాయి. గాలి పడమటి నుంచి. ఎల్రాయ్ ఇల్లు తూర్పున. ఒక సాయంత్రం వాడు కాడతో సహా ఒక తెల్ల బంతిని, సగం ఊడిపోయినదాన్ని, రెండు వేళ్ళతో పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"ఆర్డెల్, నీ ఆవులు కంచె దూకాయి."

నలభై ఏళ్ళు పాడి చేశాను. నా పశువు ఒక్కసారి కూడా పక్కవాడి చేలో పడలేదు. పడితే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"స్ప్రేయరు ఇస్తావా?" అన్నాను.

వాడు బుగ్గలోని పొగాకును ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "సిగ్నే ఒప్పుకుందా?"

"ఇస్తావా ఇవ్వవా?"

"ఇస్తాను. కానీ అసలు దీనికి కాలం ఇది కాదోయ్. సెప్టెంబరులో కొట్టాలి. అప్పుడైతే ఆకు తిన్నది వేరులోకి దించుకుంటుంది. ఇప్పుడు కొడితే పైపైన చస్తుంది."

"సెప్టెంబరు దాకా నీ మాటలెవడు పడతాడు?"

"అదీ నిజమే" అని స్ప్రేయరు తెచ్చాడు. "గాలి లేని పూట కొట్టు. రెండు రోజులు గడ్డి కోసే మిషను తియ్యకు. ఆ తర్వాత మూడు కోతల దాకా ఆ గడ్డి ఏ మొక్క దగ్గరికీ పోనీకు. విన్నావా? వెడల్పాకుదేదైనా సరే, చస్తుంది."

విన్నాను.

బుధవారాలు సిగ్నే చర్చికి వెళ్తుంది. ఆడవాళ్ళంతా కలిసి బొంతలు కుడతారు. పొద్దున తొమ్మిదికి వెళ్తే మధ్యాహ్నం రెండుకు వస్తుంది. జూన్ మొదటి బుధవారం గాలి లేదు. వరసన కొట్టుకుంటూ పోయాను. గంట కూడా పట్టలేదు. స్ప్రేయరు కడిగి ఎల్రాయ్ షెడ్డులో పెట్టి వచ్చి, చేతులు తోముకుని, ఆమె వచ్చేసరికి బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాను.

మర్నాటికే కాడలు మెలితిరిగాయి. పాము చుట్ట చుట్టుకున్నట్టు. సిగ్నే పనంతా పెరటి వైపే. ఇక ముంగిలి చూసేది ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడే. శుక్రవారం పొద్దున్నే కోసేశాను. కోసిన గడ్డినంతా షెడ్డు వెనక టార్పాలిన్ మీద కుప్ప పోశాను, ఊరి చెత్తకుప్పకు తోలేద్దామని. అంతలో టెరిల్ ఫోను చేశాడు. మొదటి కోత గడ్డి కోసి ఆరబెట్టాడట, శనివారం రాత్రి వాన ఉందట, మనిషి కావాలట. ఎండుగడ్డి ఎవరి కోసమూ ఆగదు. వెళ్ళాను. ట్రాక్టరు మీద కూర్చోవడానికి మోకాళ్ళతో పని లేదు. ఆ రెండు రోజులు నాకు సుఖంగా గడిచాయి.

శనివారం సాయంత్రం కొండ దిగి వచ్చేసరికి టార్పాలిన్ ఖాళీగా, మడత పెట్టి ఉంది.

పెరట్లోకి వెళ్ళాను. పన్నెండు మొక్కల మొదళ్ళ చుట్టూ గడ్డి, నాలుగంగుళాల మందాన, గుండ్రంగా, పక్షిగూడు అల్లినట్టు సర్ది ఉంది. నేల తడి ఆరకుండా ఏటా ఆమె అట్లాగే పరుస్తుంది. కోసిన గడ్డి పారేసే ఇంట్లో పుట్టలేదు ఆమె. అది నాకు తెలుసు. తెలిసి కూడా అక్కడ కుప్ప పోసి వెళ్ళాను.

సిగ్నే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "మంచి గడ్డి. ఒక్క పూల తల లేదు. బాగానే తవ్వుతున్నావయ్యా, నేననుకోలేదు."

అప్పుడు చెప్పాల్సింది. నోట్లోకి వచ్చింది కూడా. మూడు రోజులైందిగా, ఆరిపోయి ఉంటుంది, అనుకున్నాను. వాన పడితే కడుక్కుపోతుంది, అనుకున్నాను. పుల్లటి రూబర్బ్ కాడల కేకు ముక్క ప్లేటులో పెట్టి నా ముందుకు తోసింది. తిన్నాను.

రాత్రి వాన పడింది. కడుక్కునే పోయింది, మొక్కల వేళ్ళలోకి.

పదకొండో రోజు పొద్దున ఆమె పెరట్లోంచి లోపలికి రాలేదు. కిటికీలోంచి చూస్తే మొక్కల మధ్య నిలబడి ఉంది, చేతులు కదలడం లేదు. నేను వెళ్ళాను. చిగురు ఆకులు సన్నబడి, ఫెర్ను ఆకుల్లా ముడుచుకుని ఉన్నాయి. కాండం పైభాగం పక్కకు మెలితిరిగింది. ఒక మొక్క, రెండు మొక్కలు కాదు. పన్నెండూ.

"నీళ్ళు తగ్గాయేమో" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "నీళ్ళు తగ్గితే వాలుతుంది. మెలితిరగదు."

మర్నాడు మళ్ళీ చూసింది. ఒక ఆకు తెంపి వెలుతురుకు పట్టింది, తిప్పింది, జేబులో పెట్టుకుంది. భోజనాల దగ్గర చెప్పింది.

"తెగులు. పొగాకు తెగులు. మా నాన్న పొలంలో చూశాను, నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆకు ఇట్లాగే సన్నబడింది."

"అది ఒక మొక్క నుంచి ఒక మొక్కకు పాకుతుందని నువ్వేగా అంటావు."

"అదే చెప్తున్నా. పాకలేదు. పన్నెండింటికీ ఒక్కసారే వచ్చింది. అంటే బయటినుంచి రాలేదు. విత్తనంలోనే ఉంది."

చెంచా కింద పెట్టింది.

"పోయినేడు విత్తనానికుంచిన పండును ఎల్రాయ్ చేతిలో పెట్టాను, చూడు ఎంత బరువుందోనని. వాడి చేయి పొగాకు చేయి. నా బుద్ధి ఏమైంది? ఆ గింజలు తీసి సీసాలో పాతవాటితో కలిపేశాను. అన్నీ పోయినట్టే."

"ఒక్క ఏడాది ఆగి చూడొచ్చుగా."

"మా నాన్న ఆగి చూశాడు. మరుసటేడు పక్క మూడు పొలాలకు పాకింది. వాళ్ళు ఆయనతో చచ్చేదాకా మాట్లాడలేదు. నేను ఆగను. శనివారం పొద్దున మొక్కలు పీకి డ్రమ్ములో వేసి తగలబెడతాను. సీసా కూడా."

సీసా కూడా, అన్నప్పుడు ఆమె గొంతులో ఏమీ లేదు. పాలు తగ్గిపోయిన ఆవు సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు అందుకే భయం వేసింది. సిగ్నే ఏడిస్తే మనసు మార్చుకుంటుందని తెలుసు. ఏడవకపోతే మార్చుకోదు.

అది గురువారం. సాయంత్రం ఎల్రాయ్ గడ్డికి నీళ్ళు పడుతుంటే ఆమె పెరటి వైపు నుంచి తిన్నగా వాడి దగ్గరికి నడిచింది. నేను వెనక వెళ్ళాను.

"ఎల్రాయ్, నీ మీద కోపం లేదు, ముందే చెప్తున్నా. కానీ ఇకమీదట నా మొక్కల దగ్గరికి రాకు. నీ పొగాకు చేతి తెగులు నా టమాటాకు అంటింది. శనివారం అంతా తగలబెడుతున్నా."

ఎల్రాయ్ పైపు వంచి నీళ్ళు పక్కకు పోనిచ్చాడు. "నా చేతి తెగులా?"

"ఆకులు మెలితిరిగాయి. చిగుళ్ళు ఫెర్నులా అయ్యాయి. పన్నెండూ."

వాడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. నీళ్ళు వాడి బూట్ల మీద పారుతున్నాయి. వాడు గమనించలేదు.

"ఉఫ్ డా" అన్నాడు చివరికి, అయ్యో అన్నట్టు. "సిగ్నే, నాకు తెలియలేదు. తప్పయింది."

"తెలియక చేసినదానికి తప్పేముంది" అని ఆమె వెనక్కి తిరిగింది.

ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, వాడు నా దగ్గరికి వచ్చాడు.

"గడ్డి ఎక్కడేశావ్?"

"షెడ్డు వెనక కుప్ప పోశాను. నేను ఊళ్ళో లేనప్పుడు తీసి పరిచింది."

"పరిచాక చూశావా?"

"చూశాను."

"చూసి?"

వాడు పొగాకు ఉమ్మాడు. తన గడ్డి మీదే ఉమ్మాడు. ఎప్పుడూ అట్లా చేయడు.

"ఇరవై రెండేళ్ళు నీ పాలు మోశాను, ఆర్డెల్. ఒక్కసారి కూడా బరువనలేదు. దీన్ని శనివారం దాకా మోస్తాను. తర్వాత నావల్ల కాదు."

"నేను చెప్తాను."

"ఎప్పుడు? సీసా కాలాకా? కాలాక నువ్వెన్ని చెప్పినా బూడిద మొలవదోయ్."

శుక్రవారం చెప్పలేదు. రెండుసార్లు వంటింటి దాకా వెళ్ళాను. మొదటిసారి ఆమె రేడియోలో వాతావరణం వింటోంది. రెండోసారి ఏమీ చేయడం లేదు. అయినా చెప్పలేదు. యాభై ఏళ్ళ కాపురంలో మేము పెద్దగా మాట్లాడుకున్నది లేదు. పాలు పితికేటప్పుడు, కోత కోసేటప్పుడు పక్కపక్కన పని చేశాం. మాట అవసరం రాలేదు. ఆమెతో అబద్ధమాడే అవసరమూ రాలేదు. ఇప్పుడు కూడా నేను అబద్ధం ఏదీ చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే అది ఎంత పల్చగా ఉందో చూశాను.

శనివారం ఆరుకే లేచింది. పాత డ్రమ్మును పెరటి మధ్యకు దొర్లించింది. కింద చితుకులు, పాత పేపర్లు వేసింది. చేతి తొడుగులు వేసుకుని మొదటి మొక్క దగ్గర వంగి, మళ్ళీ లేచి, లోపలికి వచ్చింది. షెల్ఫు మీది సీసా దించింది. ముందు దాన్నే వేద్దామనుకుంది కాబోలు, కష్టమైన పని ముందు చేసేయడం ఆమె పద్ధతి.

గుమ్మంలో నేను అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు, ఆర్డెల్."

"విత్తనంలో తప్పు లేదు."

"మళ్ళీ మొదలుపెట్టకు."

"తెగులు కాదు. మందు. నేను కొట్టాను. నువ్వు బొంతలకు వెళ్ళిన బుధవారం. ఎల్రాయ్ స్ప్రేయరుతో. నువ్వు పరిచిన గడ్డి ఆ గడ్డే."

ఆమె సీసాను రెండు చేతులతో పట్టుకుని ఉంది. తొడుగుల మీద మట్టి. స్టవ్ మీద కాఫీ పొంగి చుయ్యిమంది. ఇద్దరమూ కదల్లేదు.

"నేను పరిచాక చూశావా?" అంది. ఎల్రాయ్ అడిగిన మాటే.

"చూశాను. ఆ సాయంత్రమే."

"ఆ సాయంత్రం చెప్పి ఉంటే వాన పడకముందే తీసేసేదాన్ని."

"అవును."

"కేకు కూడా తిన్నావు."

"తిన్నాను."

"ఎల్రాయ్‌తో ఆ మాటలన్నీ అంటుంటే పక్కన నిలబడ్డావు."

"నిలబడ్డాను."

ఆమె కుర్చీలో కూర్చుంది. సీసాను బల్ల మీద పెట్టింది గానీ చేయి తీయలేదు. "నిన్నెట్లా నమ్మమంటావు?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. "విత్తనం కాలకుండా ఆపడానికి అంటున్నావేమో. నిన్నటిదాకా ఒక మాట లేదు, ఇవాళ ఒక మాట."

ఎల్రాయ్‌ని అడగమన్నాను.

"వాడు నీకోసం తప్పు మీదేసుకునే మనిషి. వాడి సాక్ష్యమేం సాక్ష్యం?" సీసాను దగ్గరికి లాక్కుంది. "విత్తి చూస్తాను. ఆకు వంకర తిరిగిందా, తగలబెడతాను. నువ్వు అడ్డం నిలబడితే నిన్ను కూడా."

సీసాలోంచి ఆరు గింజలు తీసింది. టెరిల్ పొలం నుంచి బకెట్టుడు మట్టి తెమ్మంది. ఈ పెరటి మట్టి వద్దంది. నేను తెచ్చాను. రెండు డబ్బాల్లో విత్తి వంటింటి కిటికీలో పెట్టింది. జూన్ చివర టమాటా విత్తేవాళ్ళు మా వైపు ఎవరూ ఉండరు. అక్టోబరు రాకుండానే మంచు పడుతుంది.

పెరట్లో మొక్కల్ని ఆ రోజే పీకేసింది. "మందు తిన్న చెట్టు కాయ నా బల్ల మీదికి రాదు" అంది. పరిచిన గడ్డి మొత్తం నా చేత ఏరించింది, చేతులతో, చివరి పోచదాకా. పక్కన నిలబడి చూసింది. మోకాళ్ళకు దిండు తెచ్చి పడేసింది.

మధ్యాహ్నం సిగ్నే వెళ్ళి ఎల్రాయ్ గుమ్మం తట్టింది. నేను మా వాకిట్లోంచి విన్నాను.

"నా టమాటాకు తెగులు నీ చేతిదన్నాను. వెనక్కి తీసుకుంటున్నా."

"సరేలే సిగ్నే."

"సరేలే ఏంటి? స్ప్రేయరు ఎవడిచ్చాడు?"

"నేనే" అన్నాడు ఎల్రాయ్.

"నువ్వూ తక్కువ తినలేదు. ముసలాళ్ళిద్దరూ ఇద్దరే. గడ్డి మీద నాలుగు పూలు పూస్తే కొంపలు మునిగాయా?"

"నావి కాదు, వాడివే పూశాయి…"

"ఎల్రాయ్!"

"పూయనీ, పూయనీ."

ఎనిమిదో రోజున నాలుగు గింజలు మొలిచాయి. మొదటి రెండాకులు ఏ టమాటాకైనా నున్నగానే ఉంటాయి, వాటిని బట్టి ఏమీ చెప్పలేం. అసలాకు వచ్చేదాకా ఆగాలి. సిగ్నే పొద్దునా సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసేది. నేను చూసేవాణ్ణి కాదు. బొరిగె పట్టుకుని ముంగిట్లోకి వెళ్ళేవాణ్ణి.

ఎల్రాయ్ చెప్పినట్టే అయింది. పైపైన చచ్చిన మొక్కలు వేళ్ళలోంచి మళ్ళీ లేచాయి. ఈసారి ఎండలో తవ్వలేదు. వాన పడ్డ మర్నాడే తవ్వాను, మూడు గజాల మేర, అంతే. వేరు కొన దాకా వచ్చిందో లేదో ప్రతిదాన్నీ చూసి బకెట్టులో వేశాను. మిషను కత్తిని పై మెట్టుకు ఎత్తి గడ్డిని నాలుగంగుళాలు ఉంచాను. గడ్డి ఎదిగితే దాని నీడకు కొత్త మొలక లేవదు. పచ్చిక బయళ్ళలో నలభై ఏళ్ళు చూసిన సంగతే అది. ఇక్కడికి వచ్చాక ఎందుకో గుర్తు రాలేదు.

"నీ గడ్డి మంగలి దగ్గరికి పోలేదా ఈ నెల?" అన్నాడు ఎల్రాయ్.

"పోదు."

"అట్లాగే కానీ." తన బొరిగె తెచ్చుకుని గీతకు అటువైపు కూర్చున్నాడు. మా వైపు నుంచి గాలికి వెళ్ళి వాడి గడ్డిలో పడ్డ విత్తనాలు అప్పటికే మొలకెత్తాయి. ఇద్దరం తవ్వాం.

జూలై మధ్యలో ఒక పొద్దున సిగ్నే కిటికీలోంచి పిలిచింది. "ఇటు రా."

రెండు డబ్బాల్నీ వెలుతురుకు తిప్పి పెట్టింది. నాలుగు మొక్కలకూ మూడేసి అసలాకులు. వెడల్పుగా, అంచులు పళ్ళు పళ్ళుగా, సాపుగా పరుచుకుని ఉన్నాయి. ఒక్కదానిలోనూ మెలిక లేదు. వేలితో ఒకదాన్ని కింది నుంచి ఎత్తి చూపించింది.

"సరిగ్గానే ఉన్నాయి" అంది.

"ఊఁ."

"అయితే నువ్వు చెప్పింది నిజమే."

"నిజమే."

"నిజం చెప్పడానికి పద్నాలుగు రోజులు పట్టింది నీకు. గింజ ఎనిమిదికే మొలిచింది."

ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. కానీ ఆ మధ్యాహ్నమే సీసా మూత తీసి, గింజల్ని సగానికి పంచి, సగం ఒక కవరులో పోసి అంటించి ఎల్రాయ్‌కి ఇచ్చి వచ్చింది. వాడు ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు. నా ఎదురుగానే వెళ్ళింది, నా ఎదురుగానే వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఒక ఇంట్లోనే ఉంటే ఏమవుతుందో ఇద్దరమూ చూశాం.

నాలుగు మొక్కల్నీ నేలలో పెట్టలేదు. పెద్ద బకెట్లలో వేసింది. సెప్టెంబరు చివర మంచు పడే రాత్రులు నేను వాటిని వంటింట్లోకి మోసేవాణ్ణి, పొద్దున మళ్ళీ బయటికి. మోకాళ్ళు ఒప్పుకోలేదు, నేను వాటిని అడగలేదు. మూడు మొక్కలు పూత రాల్చాయి. నాలుగోదానికి రెండు కాయలు నిలిచాయి. అక్టోబరులో ఇక బయట పెట్టే వీలు లేక కిటికీ దగ్గరే ఉంచాం. చిన్నది కుళ్ళిపోయింది. పెద్దది కోడిగుడ్డంత, ఆ జాతికి అది ఏ మూలకూ రాదు, మెల్లగా, అడుగు నుంచి గులాబి రంగు ఎక్కింది.

ఒక మధ్యాహ్నం సిగ్నే దాన్ని కోసింది. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. చెంచాతో గింజలన్నీ గ్లాసులోకి గీకింది. వెలుతురుకు పట్టి లెక్క పెట్టింది. పద్దెనిమిది. నీళ్ళు పోసి కిటికీలో పెట్టింది.

గింజలు పోగా మిగిలిన చెక్కలు రెండు. ఒకటి తన నోట్లో వేసుకుంది. రెండోదాన్ని కాసేపు చూసింది. ఎల్రాయ్ ఇంటి వైపు కూడా చూసింది. తర్వాత ప్లేటులో పెట్టి నా ముందుకు తోసింది.

"ఉప్పు వేసుకో" అంది. "పుల్లగా ఉంది."